గడ్డి కనిపిస్తుంది, గడ్డి ఎవరిదో కనిపించదు: నెబ్రాస్కా ఇసుక దిబ్బల పాత పటాలు

సర్వేయరు గొలుసు పట్టుకుని పొలంలోకి దిగాడంటే ఊళ్ళో పేదవాడి గుండె దడదడలాడుతుంది. గొలుసు ఎటు లాగుతారో, రాయి ఎక్కడ పాతుతారో, సాయంత్రానికి తన చెక్క తనకు మిగులుతుందో లేదో తెలియదు. అదే పొలం గట్టు మీద మోతుబరి మాత్రం సర్వేయరుకు కొబ్బరి బొండాం కొట్టించి నింపాదిగా నిలబడి ఉంటాడు. కాగితం మీద ఒకసారి గీత పడితే దాన్ని చెరపడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు.

గ్రామాల్లో మేము పెట్టే తరగతుల్లో కూలీలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "నక్షా అబద్ధం చెబుతుందా?" ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈసారి మనం చాలా దూరం పోదాం. అమెరికా మధ్యభాగంలో నెబ్రాస్కా అనే రాష్ట్రం ఉంది. అందులో సుమారు నాలుగో వంతు ఇసుక దిబ్బలే. శాండ్ హిల్స్ అంటారు. విస్తీర్ణం సుమారు 19,300 చదరపు మైళ్ళు. మన తెలంగాణ రాష్ట్రంలో సగానికి కొంచెం తక్కువ. కొన్ని దిబ్బలు 400 అడుగుల ఎత్తుంటాయి. దిబ్బల మీద గడ్డి, గడ్డి మీద పశువులు. సాగు తక్కువ, పశువుల పెంపకమే బతుకు. వేల ఎకరాల్లో సాగే ఆ పశువుల క్షేత్రాలను అక్కడ రాంచ్‌లు అంటారు.

ఇంత దూరపు ప్రాంతాన్నే ఎందుకు ఎంచుకున్నాం? అక్కడి ప్రభుత్వ సర్వే శాఖ గీయించిన టోపో షీట్లు, 1884 నుండి 2006 వరకు అచ్చయినవి, దేశం మొత్తానికి లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిని పైసా కట్టకుండా ఎవరైనా తీసి చూసుకోవచ్చు. పటాన్ని దాచి ఉంచే దేశంలో, పటం చూస్తే చాలు న్యాయం జరుగుతుందనిపిస్తుంది. పటం దాచని చోట ఏం జరిగిందో చూస్తే ఆ భ్రమ కొంత తగ్గుతుంది. పటం విలువ కూడా కొంత తెలుస్తుంది.

మొదటి పటం సైన్యంతో వచ్చింది

ఆ గడ్డి భూములు ఖాళీగా ఏమీ లేవు. లకోటా, పానీ, చెయెన్ జాతుల ప్రజలు అక్కడ అడవి దున్నలను వేటాడి బతికేవాళ్ళు. దారి ఎటు, నీరు ఎక్కడ, ఏ నెలలో మంద ఎటు కదులుతుంది, ఇవన్నీ వాళ్ళకు నోటికి వచ్చు. కాగితం అవసరం వాళ్ళకు లేకపోయింది.

1855లో జనరల్ హార్నీ నాయకత్వాన అమెరికా సైన్యం లకోటాల మీదికి వచ్చింది. శాండ్ హిల్స్ దక్షిణపు అంచున బ్లూ వాటర్ అనే వాగు దగ్గర ఒక లకోటా గూడెం మీద పడింది. ఆ రోజు 86 మందిని చంపారు. సుమారు 70 మంది ఆడవాళ్ళనూ పిల్లలనూ బందీలుగా పట్టుకుపోయారు. ఆ సైన్యంతో పాటు పటాలు గీసే ఇంజనీరు ఒకడు నడిచాడు. అతని పేరు లెఫ్టినెంట్ జి.కె. వారెన్. 1857లో అతడే మళ్ళీ వచ్చి లూప్ నది వెంబడి ఇసుక దిబ్బల్లోకి పోయి కొలతలు తీసుకున్నాడు. తెల్లవాళ్ళకు ఆ ప్రాంతం గూర్చి నమ్మదగిన పటం దొరికింది అలాగే. ఇప్పటి దక్షిణ డకోటాలో లకోటాలు పవిత్రంగా చూసే కొండల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరానికి వారెన్ తన సేనాని పేరు పెట్టాడు. ఒకటిన్నర శతాబ్దం పాటు అమెరికా పటాల మీద ఆ కొండ హార్నీ శిఖరంగానే ఉంది. లకోటాలు పట్టుబట్టి అడిగితే 2016లో గాని ఆ పేరు పోలేదు. ఇప్పుడది బ్లాక్ ఎల్క్ శిఖరం. బ్లాక్ ఎల్క్ లకోటాల పెద్దమనిషి.

1868 నాటి ఫోర్ట్ లారమీ ఒడంబడికలో ఉత్తర ప్లాట్ నదికి ఉత్తరాన వేటాడే హక్కు లకోటాలకే ఉందని రాశారు. 1875లో నెబ్రాస్కాలో ఆ హక్కును వాళ్ళ చేతనే వదులుకున్నట్లు రాయించుకున్నారు. ఆ పదేళ్ళలోనే తోళ్ళ వ్యాపారం కోసం దున్నల మందలను నేల మట్టం చేశారు. గడ్డి మిగిలింది, తినే జంతువు పోయింది, జంతువు మీద బతికే మనుషులను రిజర్వేషన్లలోకి తోశారు. శాండ్ హిల్స్‌కు పైన దక్షిణ డకోటాలో ఉన్న పైన్ రిడ్జ్ రిజర్వేషన్ అటువంటిదే. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం మళ్ళీ లకోటాలను ఊచకోత కోసింది అక్కడే.

గొలుసు అక్కడా ఇక్కడా ఒకటే

సైన్యం పోయాక సర్వేయర్లు వచ్చారు. అమెరికా పాలకులు 1785లోనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొండ ఉన్నా, వాగు ఉన్నా, ఇసుక ఉన్నా లెక్కచెయ్యకుండా భూమినంతా చదరాలుగా కోస్తారు. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు ఒక టౌన్‌షిప్. దానిలో 36 చదరాలు. ఒక్కొక్క చదరం ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దాన్ని సెక్షన్ అంటారు. నెబ్రాస్కాలో 16వ, 36వ సెక్షన్లు బడుల ఖర్చు కోసం కేటాయించారు.

కొలిచింది దేనితో? 66 అడుగుల గొలుసుతో. వంద లింకులు. ఇంగ్లండు వాడైన గుంటర్ పేరు మీద నడిచిన గొలుసు అది. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, ఎనభై గొలుసులు ఒక మైలు. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న మన కోస్తా, రాయలసీమ జిల్లాలను కొలిచిందీ ఆ గొలుసే. మన ఎఫ్.ఎం.బి. కాగితాల మీద గట్ల కొలతలు లింకుల్లో ఉండటానికి కారణం ఇదే. తెలంగాణలో గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. ఆ 33 అనేది 66లో సరిగ్గా సగం. నలభై గుంటలైతే ఎకరం. లకోటాల నేలనూ మన తాతల నేలనూ కొలిచినవాళ్ళు ఒకే ఇంగ్లీషు లెక్క నేర్చుకొచ్చారు.

నెబ్రాస్కా సర్వేను మైలుకింత అని కాంట్రాక్టుకిచ్చేవారు. ఎన్ని మైళ్ళు లాగితే అంత డబ్బు. కనుక పని తొందర తొందరగా సాగేది. రాయి దొరకని చోట కర్ర పాతి, చుట్టూ గుంటలు తవ్వి, ఆ మట్టితో దిబ్బ పోసి అదే హద్దు అనేవారు. గాలి వీస్తే కదిలే ఇసుకలో అటువంటి హద్దు ఎన్నాళ్ళు నిలుస్తుంది? హద్దు తగాదాలకు విత్తనం అప్పుడే పడింది.

షీటు చదవడం ఎలా

ఇక్కడొక విషయం స్పష్టం చేసుకోవాలి. పైన చెప్పింది భూమిని పంచడానికి చేసిన సర్వే. టోపో షీటు వేరు. అది నేల ఎత్తుపల్లాలను చూపించే పటం. అమెరికా భూగర్భ సర్వే శాఖను 1879లో స్థాపించారు. వాళ్ళ షీట్లలో గోధుమ రంగు గీతలు ఎత్తును చూపుతాయి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పోయే గీతలవి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరం దూరంగా ఉంటే చదును. నీలం రంగు నీరు. ఆకుపచ్చ చెట్లు. నలుపు మనిషి కట్టినవి. నల్లని చిన్న చదరం ఇల్లు, దాని మీద జెండా ఉంటే బడి. విమానం నుండి తీసిన ఫోటోలు చూసి తర్వాత చేర్చిన వాటిని ఊదా రంగులో వేశారు. ఊదా రంగు కనిపిస్తే, ఆ మార్పును మనిషి నేల మీద నడిచి సరిచూడలేదని అర్థం.

మొదటి రోజుల షీట్లలో రెండు మైళ్ళ నేల ఒక అంగుళంలో ఇమిడిపోయేది. 160 ఎకరాల రైతు క్షేత్రం అంతా కలిపి పావు అంగుళం చదరం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద కొలత వచ్చింది. ఒక అంగుళానికి 2,000 అడుగులు. అందులో ఒక సెక్షన్ రెండున్నర అంగుళాలు దాటుతుంది. ప్రతి ఇల్లూ, ప్రతి గాలిమరా విడివిడిగా కనిపిస్తుంది. నెబ్రాస్కాలోని చెర్రీ కౌంటీ సుమారు 6,000 చదరపు మైళ్ళు. ఆ ఒక్క కౌంటీకే ఇటువంటి షీట్లు వందకు పైగా కావాలి.

ఈ కొలత వచ్చిన కాలాన్ని గుర్తుపెట్టుకోండి. యుద్ధం తర్వాత. అప్పటికే ఆ నేల మీద పేదల కథ చాలావరకు ముగిసిపోయింది.

వినని మాట

ఆ సర్వే శాఖకు రెండో డైరెక్టరు జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్నవాడు. 1878లో, డైరెక్టరు కాకముందే, మెట్ట నేలల గూర్చి ఒక నివేదిక ఇచ్చాడు. దేశాన్ని నిలువునా చీల్చే 100వ రేఖాంశానికి పడమట వాన చాలదు, 160 ఎకరాలిస్తే రైతు బతకలేడు అని అందులో చెప్పాడు. నీరు పెట్టుకునే సాగుకైతే 80 ఎకరాలు చాలు, పశువుల మేతకైతే 2,560 ఎకరాలు కావాలి అన్నాడు. ఆ మేత క్షేత్రాన్ని కూడా చదరాలుగా కొయ్యవద్దు, ప్రతి కుటుంబానికీ కొంత నీటి ఒడ్డు దక్కేట్లు నేల వాలును బట్టి గీయండి, ఇళ్ళు దగ్గర దగ్గరగా పెట్టండి అన్నాడు. శాండ్ హిల్స్‌లో ఎక్కువ భాగం ఆ రేఖకు పడమటనే ఉంది.

పాలకులు వినలేదు. భూమి అమ్మేవాళ్ళకూ, రైళ్ళ కంపెనీలకూ చదరాలే సుళువు. చదరానికి నంబరు ఉంటుంది, నంబరు చెబితే ఆఫీసులో కూర్చుని అమ్మవచ్చు. కాని నీరు చదరాలను చూసి పారదు. ఒక సెక్షన్‌లో చెరువు పడుతుంది, పక్క నాలుగు సెక్షన్లకు చుక్క ఉండదు. చెరువున్న చదరం ఎవడు పట్టాడో, చుట్టూ ఉన్న గడ్డంతా వాడిదే అయిపోయింది. ఆ చదరాలకు కాగితం లేకపోయినా సరే, నీళ్ళు లేని గడ్డి ఇంకెవడికి పనికొస్తుంది?

ముళ్ళ తీగ, బినామీ పట్టాలు

1874లో గ్లిడెన్ అనే ఇల్లినాయి రైతు ముళ్ళ తీగకు పేటెంటు తీసుకున్నాడు. ఆ తీగతో పెద్ద పశువుల ఆసాములు ప్రభుత్వ భూములను చుట్టేశారు. 1885లో అమెరికా పార్లమెంటు ప్రభుత్వ భూమికి కంచె వెయ్యడం నేరమని చట్టం చేసింది. చట్టం పుస్తకంలో ఉంది, కంచె నేల మీద ఉంది.

బార్ట్‌లెట్ రిచర్డ్స్, విల్ కామ్‌స్టాక్ అనే ఇద్దరు నడిపిన స్పేడ్ రాంచ్ సుమారు 5 లక్షల ఎకరాల మీద పశువులను మేపింది. అందులో వాళ్ళ సొంతం కొంచెమే. 1905లో రెండు లక్షల ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమికి కంచె వేసిన నేరాన్ని కోర్టులో ఒప్పుకున్నారు. శిక్ష ఎంత? తలా 300 డాలర్ల జరిమానా, ఆరు గంటలు మార్షల్ అదుపులో ఉండటం. ఆ ఆరు గంటలూ జైలు గదిలో గడిపింది కూడా లేదు. దేశమంతా గోల అయ్యేసరికి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అక్కడి ప్రభుత్వ ప్లీడరునూ, మార్షల్‌నూ పదవుల్లోంచి తీసేశాడు. 1906లో రెండో కేసు పడింది. ఈసారి నేరం భూమి మోసం. అంతర్యుద్ధంలో పనిచేసిన ముసలి సిపాయిల పేర్ల మీదా, సిపాయిల వితంతువుల పేర్ల మీదా దరఖాస్తులు పెట్టించి ఆ భూమిని రాంచ్‌లో కలుపుకోవడం. మన భాషలో చెప్పాలంటే బినామీ పట్టాలు. దీనికి ఏడాది జైలు పడింది. 1911లో శిక్ష అనుభవిస్తూనే రిచర్డ్స్ చనిపోయాడు.

టోపో షీటు మీద ఇదేమైనా కనిపిస్తుందా? కనిపించదు. షీటు మీద గుట్టలుంటాయి, గుట్టల మధ్య మైదానాలుంటాయి, చెరువులుంటాయి, రాంచ్ పేరు ఉంటుంది. ఆ పేరు కింద ఎంత పట్టా, ఎంత కబ్జా అని చూపే రంగు లేదు. ఇల్లు నల్లని చదరం. యజమాని ఇల్లూ నల్లని చదరమే, జీతగాడు పడుకునే కొట్టమూ నల్లని చదరమే.

640 ఎకరాలిచ్చినా పేదవాడు నిలవలేదు

1904 ఏప్రిల్ 28న కింకెయిడ్ చట్టం వచ్చింది. నెబ్రాస్కాలోని 37 కౌంటీల్లో మిగిలిన ప్రభుత్వ భూమిని కుటుంబానికి 640 ఎకరాల చొప్పున ఇస్తారు. అయిదేళ్ళు కాపురం ఉండాలి, ఎకరానికి డాలరుంపావు విలువైన పని చేసి చూపాలి. 640 ఎకరాలని వింటే మన కూలీలకు కళ్ళు తిరుగుతాయి. అరెకరం పట్టా కోసం పదేళ్ళు తిరిగే మనకు ఇది కథలా ఉంటుంది.

కాని ఆ నేలలో ఒక ఆవు ఏడాది పొడుగునా బతకాలంటే పది పదిహేను ఎకరాల గడ్డి కావాలి. ఆ లెక్కన 640 ఎకరాల మీద నలభై నుండి అరవై ఆవులు. అది కూడా ఆవులు కొనడానికి డబ్బుంటే, నీటికి గాలిమర ఉంటే, చలికాలానికి ఎండుగడ్డి కోసుకునే మైదానం తన చదరంలో పడితే. అవేవీ లేనివాళ్ళు గడ్డిని దున్ని జొన్నో బంగాళాదుంపో వేశారు. గడ్డి వేరు తెగగానే కింద ఉన్న ఇసుక లేచింది. గాలి తవ్విన గుంటలు పడ్డాయి. ఇటువంటి గాలి గుంటలు టోపో షీట్ల మీద చుక్కచుక్కలుగా కనిపిస్తాయి. వాటిలో కొన్ని గాలి తనంత తాను చేసినవి, కొన్ని పేదవాడి నాగలి తెరిచినవి. ఏది ఏదో షీటు చెప్పదు.

పట్టా చేతికొచ్చాక ఏం జరిగింది? అప్పులు తీర్చడానికి అమ్ముకున్నారు. ఎవరికి? పక్కనున్న పెద్ద రాంచ్‌కి. కంచె వేసి దొరికిపోయి వదులుకున్న భూమిని, చిన్నవాళ్ళ పట్టాల ద్వారా పెద్దవాళ్ళు ఈసారి చట్టబద్ధంగా కొనుక్కున్నారు. చెర్రీ కౌంటీలో 1920లో 11 వేలకు పైగా జనం. 2020 లెక్కల్లో సుమారు 5,500. భూమి తగ్గలేదు, గడ్డి తగ్గలేదు. పశువుల సంఖ్యలో అది దేశంలోనే ముందు వరుసలో ఉన్న కౌంటీ. తగ్గింది మనుషులే.

డివిట్టీ, ఆంటియాక్

ఆ వచ్చి పోయినవాళ్ళలో నల్లజాతి రైతులు కూడా ఉన్నారు. 1907 నుండి చెర్రీ కౌంటీలో ఉత్తర లూప్ నది ఒడ్డున డివిట్టీ అనే పల్లె లేచింది. బానిసత్వం తప్పించుకుని కెనడాకు పారిపోయిన కుటుంబాల పిల్లలు, మనవలు కొందరు అందులో ఉన్నారు. నెబ్రాస్కాలో నల్లజాతి రైతుల ఊళ్ళలో అదే పెద్దది. బడి పెట్టుకున్నారు, చర్చి పెట్టుకున్నారు, పోస్టాఫీసు తెచ్చుకున్నారు. మంచి నేలంతా అప్పటికే పోయింది గనుక వాళ్ళకు మిగిలింది ఇసుకే. 1930ల్లో ఊరు ఖాళీ అయిపోయింది. పెద్ద కొలత షీట్లు యుద్ధం తర్వాత వచ్చాయని పైన చెప్పుకున్నాం కదా. ఊరు ముందే పోయింది, పటం తర్వాత వచ్చింది. ఆ చోట ఒక ఊరుండేదని చెబుతూ 2016లో రోడ్డు పక్కన ఒక ఫలకం పెట్టారు. ఆ ఫలకం పెట్టించింది పటం కాదు, ఆ కుటుంబాల వారసుల జ్ఞాపకం.

ఇంకో ఊరు ఆంటియాక్, షెరిడన్ కౌంటీలో. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుండి పొటాష్ ఎరువు రావడం ఆగిపోయింది. శాండ్ హిల్స్‌లోని చవుడు చెరువుల నీటిలో పొటాష్ ఉందని కనిపెట్టి ఫ్యాక్టరీలు కట్టారు. ఏమీ లేని చోట నాలుగైదేళ్ళలో వేల జనం చేరారు. యుద్ధం అయిపోయింది, జర్మనీ సరుకు మళ్ళీ వచ్చింది, 1921 నాటికి ఫ్యాక్టరీలన్నీ మూతపడ్డాయి. కార్మికులు మూటాముల్లె సర్దుకుని పోయారు. ఇప్పుడు అక్కడ కాంక్రీటు మొండిగోడలున్నాయి. షీటు మీద నీలం రంగులో చెరువు ఉంటుంది. ఆ చెరువు నీళ్ళను మరగబెట్టి కడుపు నింపుకున్న మనిషి ఉండడు.

కొత్త పటంలో ఇల్లు కూడా లేదు

2009 నుండి అమెరికా సర్వే శాఖ కొత్త తరహా షీట్లు తెస్తోంది. మనుషులు నడిచి గీసేవి కావు, కంప్యూటరులో ఉన్న సమాచారాన్ని కలిపి తయారుచేసేవి. తొందరగా వస్తాయి, ఖర్చు తక్కువ. కాని పాత షీట్లలో ఉండే గాలిమరలు, విడివిడి ఇళ్ళు వంటివి చాలావరకు వాటిలో లేవు. పాత షీటులో "గాలిమర" అని రాసి ఉన్న ప్రతి చోటా ఒకడు బావి తవ్వాడు, ఒకడు దాని చక్రానికి నూనె పెట్టాడు. ఆ చిన్న గుర్తు కూడా కొత్త షీటులో లేదు. అందుకే చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్ళు పాత షీట్లనే వెతుక్కుంటున్నారు.

ఇక యజమాని మారితే? టెలివిజన్ వ్యాపారంలో కోట్లు గడించిన టెడ్ టర్నర్ 1990ల నుండి శాండ్ హిల్స్‌లో లక్షల ఎకరాలు కొన్నాడు. అంత భూమి చేతులు మారినా టోపో షీటు మీద ఒక్క గీత కూడా కదలలేదు. ఎత్తుపల్లాలు అవే, చెరువులు అవే. కౌలూ కొనుగోలూ జరిగింది రిజిస్ట్రారు ఆఫీసులో. కనుక టోపో షీటుతో పాటు సర్వే నాటి చదరాల పటం, పట్టా రిజిస్టరు, జనాభా లెక్క పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒక్క కాగితం చెప్పనిది నాలుగు కాగితాలు కలిస్తే బయటపడుతుంది.

గీత ఎక్కడ పడాలో జనం అడిగారు

ఇదంతా ఓడిపోయిన కథ అనుకోవద్దు. 2008లో కెనడా నుండి ముడి చమురు తెచ్చే కీస్టోన్ ఎక్స్ఎల్ అనే పైపులైను శాండ్ హిల్స్ మీదుగా వేస్తామని కంపెనీ దరఖాస్తు పెట్టింది. ఆ ఇసుక కింద ఒగల్లాల అనే పెద్ద భూగర్భ జలాల పొర ఉంది. చాలా చోట్ల నీరు నేలకు చాలా దగ్గర. పైపు పగిలితే చమురు నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. రాంచ్ యజమానులు, రైతులు, లకోటా తదితర జాతుల వాళ్ళు కలిసి ఎదురు తిరిగారు. ఒకప్పుడు వీళ్ళ తాతలు వాళ్ళ తాతల నేలను పట్టుకున్నవాళ్ళే. 2014 ఏప్రిల్‌లో ఇరువురూ వాషింగ్టన్‌కు పోయి నడిబొడ్డున గుడారాలు వేసి కూర్చున్నారు.

అంతకుముందే 2012లో, శాండ్ హిల్స్‌ను తప్పించి గీశామంటూ కంపెనీ కొత్త దారి చూపింది. అప్పుడు తగాదా పటం మీదికే వచ్చింది. శాండ్ హిల్స్ ఎక్కడ మొదలవుతాయి? ఎక్కడ ముగుస్తాయి? అధికారుల పటంలో గీత ఒక చోట ఆగింది. ఆ గీత అవతల కూడా ఇదే ఇసుక, ఇదే లోతులో నీరు అని అక్కడి జనం వాదించారు. తమ బావుల లోతు తమకు తెలుసు గనుక ధైర్యంగా వాదించారు. కోర్టులు, ఊరేగింపులు, ఏళ్ళ తరబడి పోరాటం. 2021 జనవరిలో అధ్యక్షుడు బైడెన్ అనుమతి రద్దుచేశాడు. జూన్‌లో కంపెనీ తానే పథకాన్ని మానుకుంది.

మనం తీసుకోవలసింది

మన దగ్గర టోపో షీట్ల మీద చాలా కాలం ఆంక్షలుండేవి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఆ నిబంధనలు సడలించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలుపెట్టారు. పటాలు చేతికి వస్తున్నాయి, సంతోషమే. కాని నెబ్రాస్కాలో పటం మొదటినుండీ చేతిలోనే ఉంది. పేదవాడు నిలవడానికి అది చాలలేదు. నీరు, పెట్టుబడి, భూమి అమ్ముకోవలసిన అగత్యం రాకుండా కాపు, ఈ మూడూ లేకపోతే 640 ఎకరాల పట్టా కూడా ఒక తరం నిలవదని ఆ ఇసుక దిబ్బలు చెబుతున్నాయి. మన రాష్ట్రంలో అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని సవరించి, 20 ఏళ్ళు నిండిన వాటిని అమ్ముకునే హక్కు పెట్టారు. "హక్కు వచ్చింది కదా, మంచిదేగా" అనేవాళ్ళకు కింకెయిడ్ పట్టాలు చివరకు ఎవరి కంచెలో చేరాయో చెప్పండి.

మరి నక్షా అబద్ధం చెబుతుందా? అబద్ధం చెప్పే నక్షాలు ఉంటాయి, వాటిని రాయి చూపి, కొలిచి సరిచేయించవచ్చు. ఎక్కువ నక్షాలు చేసేది వేరు. తమను గీయించినవాడు అడిగిన వాటికే జవాబు చెప్పి మిగతా వాటికి నోరు మూసుకుంటాయి. ఆ మిగతా సంగతులు మన దగ్గర ఉన్నాయి.

అందుచేత కార్యకర్తలు ఒక పని చెయ్యాలి. మీ ఊరి నక్షా నకలు తెచ్చుకోండి. రచ్చబండ దగ్గర పరిచి ముసలివాళ్ళను పిలవండి. ఎవరు గీశారు, ఏ సంవత్సరంలో, ఎందుకు గీశారు అని ముందు చదివి వినిపించండి. తర్వాత అందులో లేనివి పెన్సిలుతో గుర్తించండి. మందబయలు ఎంతవరకు ఉండేది, దళితవాడ శ్మశానం ఎక్కడ, ఏ బావి ఎవరు తవ్వారు, చెరువు శిఖం ఎవరి దున్నకంలో పడింది, పూడిపోయిన బాట ఎటు పోయేది. ఒక్కొక్క గుర్తు పక్కన చెప్పినవాళ్ళ పేరు, తేదీ రాసి సంతకమో వేలిముద్రో పెట్టించండి. రెండు నకళ్ళు తీసి, ఒకటి సంఘం దగ్గర ఉంచండి, ఒకటి ఊరివాళ్ళ దగ్గర ఉంచండి. రేపు సర్వేయరు వచ్చిన రోజున ఆ కాగితం పట్టుకుని పదిమందీ గట్టు మీద నిలబడండి.